ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్

ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ (ఏప్రిల్ 7, 1891 - మార్చి 11, 1958) డెన్మార్క్ దేశానికి చెందిన వడ్రంగి, బొమ్మల తయారీదారు, లెగో సంస్థ స్థాపకుడు. లెగో అనగానే ఒకదానిపై ఒకటి బిగించే ప్లాస్టిక్ ఇటుకలు గుర్తుకు వస్తాయి. కానీ ఓలె కిర్క్ జీవితంలో అధిక భాగం కొయ్యపనితోనే గడిచింది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఇళ్ల పనులు కరువైనప్పుడు, ఇంటి ప్రక్కనే ఉన్న తన కార్ఖానాలో చిన్న చిన్న కొయ్య వస్తువులు చేసి అమ్మడం మొదలుపెట్టిన పల్లెటూరి వడ్రంగి ఆయన. ప్లాస్టిక్ ఇటుకను కనిపెట్టినది ఆయనే అనే అభిప్రాయం వ్యాప్తిలో ఉన్నా అది సరికాదు.

బాల్యం, వృత్తి

ఓలె కిర్క్ జట్లాండ్ ద్వీపకల్పంలో ఒక పేద కుటుంబంలో పదవ సంతానంగా జన్మించాడు. పద్నాలుగేళ్ల వయసులో తన అన్న క్రిస్టియన్ వద్ద వడ్రంగం నేర్చుకోవడానికి చేరాడు. పని నేర్చిన తరువాత కొన్నేళ్లు జర్మనీ, నార్వే దేశాలలో కూలికి పనిచేశాడు. నార్వేలో ఉండగా హాన్సీన్ సోరెన్సెన్‌తో పరిచయమైంది. 1916లో స్వదేశానికి తిరిగి వచ్చి, కూడబెట్టిన సొమ్ముతో బిలుండ్ అనే చిన్న గ్రామంలో ఒక వడ్రంగి కార్ఖానాను కొన్నాడు. అదే సంవత్సరం హాన్సీన్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి యోహాన్నెస్, కార్ల్ గేయోర్గ్, గాట్‌ఫ్రెడ్, గెర్‌హార్ట్ అనే నలుగురు కుమారులు కలిగారు.

అప్పటి బిలుండ్ బీడు భూముల మధ్య ఉన్న కుగ్రామం. చుట్టుప్రక్కల రైతులకు ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టడం, తలుపులు, కిటికీలు, సామాను చేసి ఇవ్వడం ఆయన వృత్తి. చలికాలంలో కట్టడపు పనులు తగ్గినప్పుడు కార్ఖానాలో కూర్చుని చేసే పనులు ఉండేవి.

1924లో ఒక ఆదివారం కార్ల్ గేయోర్గ్, గాట్‌ఫ్రెడ్ కార్ఖానాలో ఆడుకుంటూ జిగురు వేడిచేసే పొయ్యిని వెలిగించారు. అప్పటికి ఇద్దరూ ఐదేళ్లు దాటని పిల్లలు. నిప్పు చిత్రిక పొట్టుకు అంటుకుని కార్ఖానా, ఇల్లు రెండూ కాలిపోయాయి. ఓలె కిర్క్ కాలిపోయిన దానికంటే పెద్ద కట్టడాన్నే తిరిగి కట్టించాడు. వాకిట రెండు రాతి సింహాలున్న ఆ ఇల్లు ఒక పల్లెటూరి వడ్రంగి స్థోమతకు మించినదే. అప్పు తీర్చడానికి అందులో కొంత భాగాన్ని అద్దెకు ఇచ్చాడు. చేసే పనికి ఖర్చు లెక్కచూడని ఈ స్వభావం ఆయన చివరివరకూ మార్చుకోలేదు.

మాంద్యం, కొయ్యబొమ్మలు

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం త్వరలోనే డెన్మార్క్ రైతులను తాకింది. వ్యవసాయపు రాబడి పడిపోగా రైతులు ఇళ్లు కట్టడం మానుకున్నారు. పని లేక ఓలె కిర్క్ ఒక్కొక్క పనివాడినే మాన్పించవలసి వచ్చింది. 1932లో భార్య హాన్సీన్ మరణించింది. ఆరు నుండి పదిహేనేళ్ల లోపు నలుగురు మగపిల్లలు, అప్పులు, పనిలేని కార్ఖానా ఆయనకు మిగిలాయి.

ఆ సంవత్సరమే ఆయన ఇంటి వాడకపు చిన్న వస్తువులు చేయసాగాడు. నిచ్చెనలు, పీటలు, ఇస్త్రీ బల్లలు, క్రిస్మస్ చెట్టును నిలబెట్టే దిమ్మెలు వీటిలో ముఖ్యమైనవి. పెద్ద పనులలో మిగిలిన కలప వీటికి సరిపోయేది. నిచ్చెనలకు, ఇస్త్రీ బల్లలకు ముందుగా చిన్న నమూనాలు చేసి చూసుకునే అలవాటు నుండే బొమ్మల ఆలోచన పుట్టిందని చెబుతారు. కార్లు, బస్సులు, విమానాలు, లాగుడు బొమ్మలు క్రమంగా ఈ జాబితాలో చేరాయి.

ఒక టోకు వర్తకుడు క్రిస్మస్ కోసం పెద్ద ఎత్తున బొమ్మలు కావాలని అడిగి, సరుకు తయారయ్యే వేళకు దివాలా తీశాడు. ఓలె కిర్క్ ఆ బొమ్మలను తానే వెంటబెట్టుకుని ఊరూరా దుకాణాలు తిరిగి అమ్మాడు. డబ్బు ఇవ్వలేనివారి వద్ద తినుబండారాలు పుచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఒకసారి సరుకు ఖరీదుకు బదులుగా బాదం పప్పు ముట్టింది.

బంధువులకు ఈ వ్యాపారం రుచించలేదు. అప్పు కోసం తోబుట్టువులను ఆశ్రయించినప్పుడు వారు 3,000 క్రోనర్లు సర్దారు కానీ, ఇంతకంటే పనికివచ్చేదేదైనా చేయరాదా అని అడిగారు. ఇళ్లు కట్టే చేయితిరిగిన వడ్రంగి పిల్లల ఆటవస్తువులు చేయడం ఆనాటి వారి దృష్టిలో ఒక మెట్టు దిగడమే. ఓలె కిర్క్ మాత్రం బొమ్మలను వదలలేదు.

అదే కాలంలో యో-యో ఆట దేశమంతటా ప్రబలింది. కార్ఖానా వాటిని పెద్ద సంఖ్యలో తయారుచేసింది. మోజు తగ్గాక గుట్టలుగా మిగిలిన యో-యోలను రెండుగా కోసి బొమ్మ బండ్లకు చక్రాలుగా వాడుకున్నారు.

లెగో పేరు, పని పద్ధతి

1934లో ఓలె కిర్క్ తన కార్ఖానాకు పేరు పెట్టదలచి పనివారికి పోటీ పెట్టాడు. ఇంట్లో చేసిన ద్రాక్షసారా సీసా బహుమతి. చివరకు నచ్చిన పేరు ఆయన సొంతదే. డేనిష్ భాషలో బాగా ఆడుకో అనే అర్థమిచ్చే రెండు మాటల మొదటి అక్షరాలను కలపగా లెగో అయింది. లాటిన్‌లో ఈ పదానికి కూర్చుతాను అనే అర్థం కూడా ఉన్నదని తరువాతే తెలిసింది. అదే సంవత్సరం ఆయన సోఫీ యోర్గెన్సెన్‌ను వివాహమాడాడు. వీరికి ఉల్లా అనే కుమార్తె జన్మించింది.

బొమ్మలను బీచ్ కలపతో చేసేవారు. కోసిన కలపను రెండేళ్లు ఆరుబయట ఆరబెట్టి, ఆపై వేడి గదిలో ఉంచి మిగిలిన తడి తీసేవారు. తడి పూర్తిగా పోని కొయ్య తరువాత వంగుతుంది, పగులుతుంది, రంగును విడుస్తుంది. ముక్కలు కోసి, అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు వేసి, పైన మూడు పూతల వార్నిష్ పూసేవారు. చౌకబొమ్మలతో పోటీలో ఇంత శ్రమ గిట్టుబాటు కాదని తెలిసినా ఆయన తగ్గించలేదు.

ఈ విషయంలో తరచుగా చెప్పే సంఘటన ఒకటి ఉంది. చక్రాలపై నడిచే కొయ్య బాతు 1935 నుండి ఈ కార్ఖానాలో పేరు పొందిన బొమ్మ. పన్నెండేళ్ల వయసు నుండే కార్ఖానాలో పనిచేస్తున్న గాట్‌ఫ్రెడ్, ఒకమారు బాతులకు మూడు పూతలకు బదులు రెండే వేసి రైల్వే స్టేషనుకు చేర్చి, వార్నిష్ ఖర్చు మిగిల్చానని సంతోషంగా తండ్రికి చెప్పాడు. తండ్రి ఆ పెట్టెలన్నీ వెనక్కు తెప్పించి, మూడవ పూత వేసి, మళ్లీ కట్టి స్టేషనుకు చేర్చమన్నాడు. ఆ పనిలో ఎవరి సహాయమూ తీసుకోరాదన్నాడు. రాత్రంతా పట్టినా సరేనన్నాడు. తరువాత గాట్‌ఫ్రెడ్, అత్యుత్తమమైనది తప్ప మరేదీ చాలదనే భావంగల వాక్యాన్ని చెక్కపై చెక్కి కార్ఖానాలో వేలాడదీశాడు. ఈ కథ నేటికీ సంస్థ ఘనతగా ప్రచారంలో ఉంది కానీ, పసివాడికి ఆ శిక్ష కఠినమైనదే.

ఓలె కిర్క్ నిష్ఠగల క్రైస్తవుడు. పని ఉదయం ప్రార్థనతో మొదలయ్యేది. హాస్యప్రియుడని కూడా పేరు.

రెండవ అగ్ని ప్రమాదం

రెండవ ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్ జర్మనీ ఆక్రమణలో ఉండగా విదేశీ బొమ్మల దిగుమతి తగ్గి, కొయ్యబొమ్మలకు గిరాకీ పెరిగింది. ఇంతలో 1942 మార్చిలో కార్ఖానా మరల అగ్నికి ఆహుతి అయింది. యంత్రాలు, సరుకుతో పాటు ఏళ్ల తరబడి తయారుచేసుకున్న నమూనాలు, చిత్రపటాలు కూడా పోయాయి. వృత్తినే మానుకుందామా అన్నంత నిరాశకు లోనైనా, పనివారి జీవనాధారం తలచి బిలుండ్‌లోనే తిరిగి నిర్మించాడు. 1943 నాటికి అక్కడ సుమారు 40 మంది పనిచేసేవారు.

ప్లాస్టిక్

యుద్ధానంతరం మంచి కలప కొరతగా ఉండేది. ఆ రోజులలో ఓలె కిర్క్ ప్లాస్టిక్‌ను అచ్చులలో పోసే యంత్రాన్ని చూసి, సుమారు 30,000 క్రోనర్లు పెట్టి కొన్నాడు. అంత చిన్న సంస్థకు ఇది తలకు మించిన ఖర్చని కుటుంబ సభ్యులు ఆందోళన చెందారు. బ్రిటన్‌కు చెందిన హిలరీ ఫిషర్ పేజ్ రూపొందించిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుకల నమూనాలు ఆయన చేతికి వచ్చాయి. వాటిని కొద్దిగా మార్చి 1949లో లెగో తన ఇటుకలను విడుదల చేసింది. కాబట్టి ఇటుక మూల ఆలోచన పేజ్‌దే అని చెప్పాలి. 1957లో మరణించిన పేజ్‌కు డెన్మార్క్ ఇటుకల సంగతి తెలియలేదని అంటారు. 1981లో లెగో సంస్థ కిడ్డీక్రాఫ్ట్ ఇటుకల హక్కులను కొనుగోలు చేసింది.

ఆ తొలి ఇటుకలు లోపల బోలుగా ఉండి సరిగా పట్టుకునేవి కావు, అంతగా అమ్ముడుపోలేదు కూడా. లోపల గొట్టాలు అమర్చి గట్టిగా పట్టేలా చేసిన రూపానికి 1958 జనవరి 28న డెన్మార్క్‌లో పేటెంటు దరఖాస్తు దాఖలైంది. అప్పటికి సంస్థ బాధ్యతలు గాట్‌ఫ్రెడ్ చూస్తున్నాడు.

మరణం, తదనంతరం

దరఖాస్తు తరువాత ఆరు వారాలకే, మార్చి 11న ఓలె కిర్క్ మరణించాడు. ఆయన చనిపోయేనాటికి కార్ఖానాలో కొయ్యబొమ్మలు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. 1960లో కొయ్యబొమ్మల గిడ్డంగి కాలిపోవడంతో గాట్‌ఫ్రెడ్ కొయ్యపనిని పూర్తిగా నిలిపివేసి ప్లాస్టిక్ ఇటుకలకే పరిమితం కావాలని నిర్ణయించాడు. కొయ్యబొమ్మల విభాగాన్ని చూస్తున్న గెర్‌హార్ట్, అతని అన్న కార్ల్ గేయోర్గ్ ఈ నిర్ణయం తరువాత సంస్థ నుండి వైదొలగారు.

సింహాల బొమ్మలున్న ఇల్లు బిలుండ్‌లో ఇప్పటికీ ఉంది. సంస్థ తొలినాటి కొయ్యబొమ్మలకు సేకరణకర్తలలో మంచి ధర పలుకుతుంది. 2020లో లెగో సంస్థ పాత కొయ్య బాతును ప్లాస్టిక్ ఇటుకలతో కూర్చే బొమ్మగా విడుదల చేసింది.