శ్రీ మల్లంపల్లి సోమశేఖరశర్మగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాయుమని మిత్రులు కోరగా, గ్రంథాలయములు స్థాపించినవారిని గాక, గ్రంథాలయమే బడిగా చదువుకొనిన ఒక పాఠకుని గూర్చి వ్రాయదలచితిని. ఆయన చరిత్ర పరిశోధకులు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు. గోదావరి తీరమువారితో న్యాల్‌కల్ వాసులకేమి ప్రసక్తి యని శంకింపవలదు. ఆ సంబంధము ముందు తెలియగలదు.

శర్మగారు 1891లో నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మినిమించిలిపాడు గ్రామమున జన్మించిరి. కళాశాలలో చరిత్ర చదివి పట్టము పుచ్చుకొనిన వారు కారు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చెన్నపురిలో ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును సంకల్పించినప్పుడు ఆ కార్యమున సహాయకులుగ పనిచేసిరి. ఆయనకు అదియే విద్యాలయమైనది. లక్ష్మణరావుగారు మనకు క్రొత్తవారు కారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పిన పెద్దలలో ఆయన ప్రముఖులు. విజ్ఞానసర్వస్వమున నొక చిన్న వ్యాసము వ్రాయుటకైనను పది గ్రంథములు తిరుగవేయవలెను. ఒకటి చెప్పినదానిని వేఱొకటి కాదనినచో ఏది నిజమో తేల్చవలెను. ఈ అభ్యాసము శర్మగారిని జీవితాంతము విడువలేదు. 1923లో లక్ష్మణరావుగారు అకాలమరణము నొందిరి. ఆయన పేర హైదరాబాదున వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. నిజాం రాజ్యమున తెలుగు శాసనములు తెలుగు పాఠకుని చేతికందుట అప్పటికి సామాన్యవిషయము కాదు.

తరువాత శర్మగారికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రశాఖలో స్థానము లభించినది. పట్టము లేనివానికి విశ్వవిద్యాలయము తలుపు తెరచుట ఆ దినములలోనే కాదు, ఈ దినములలోను అరుదే. లోపలికి రానిచ్చినది ఆయన చదువే గాని చదువునకు సాక్ష్యమైన కాగితము కాదు.

ఒక శాఖవారి గ్రంథాలయమనగా మన మెరిగిన జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ వంటిది కాదు. అందు నవలలుండవు, దినపత్రికలుండవు. ఒకే శాస్త్రమునకు సంబంధించిన గ్రంథములు కొన్ని బీరువాలలో నుండును. చరిత్రశాఖకైనచో ఎపిగ్రాఫియా ఇండికా సంపుటములు, దక్షిణభారత శాసన సంపుటములు, ఏటేట వెలువడు శాసన నివేదికలు, 1905లో అచ్చయిన నెల్లూరు శాసనముల మూడు సంపుటములు, పారసీక చరిత్రలకు అనువాదములు ముఖ్యములు. క్రొత్తగా వచ్చినవారికి ఇవి ఎండుకట్టెలవలె తోచును. నివేదికలో ఒక శాసనమునకు సంఖ్య, ఊరు, రాజు, శకవర్షము, రెండు పంక్తుల సారాంశము మాత్రమే యుండును. శకవర్షమునకు 78 కలిపి క్రీస్తుశకము తెలిసికొనవలెను. మూలపాఠము వేఱొక సంపుటములో దొరకిన దొరకును, లేనిచో ప్రతిబింబము తీసిన కాగితమునే చూడవలెను. పెద్ద గ్రంథాలయమున ఈ పుస్తకములు నాలుగు మూలల నుండును. చిన్న గ్రంథాలయమున ఒకే బల్లపై నాలుగింటిని విప్పి పెట్టుకొనవచ్చును. దాని విలువ యంతయు నందే యున్నది.

అట్టి బల్లయొద్ద ఏమి తేలునో చూడుడు. 1323లో ఓరుగల్లు పడిపోయినది. కొన్ని సంవత్సరములకే ఢిల్లీవారి అధికారము తొలగి తెలుగువారు మరల ఓరుగల్లును కైవసము చేసికొనిరి. చేసినవాడెవడు? పదునేడవ శతాబ్ది ఆరంభమున వ్రాసిన ఫెరిస్తా ఆయనను కృష్ణనాయకుడనియు, రుద్రదేవుని కుమారుడనియు పేర్కొనెను. ఆ గ్రంథ మొక్కటే చదివినవాడు దానినే నమ్మును. ప్రక్కనే 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనమును విప్పినచో ముసునూరి ప్రోలయనాయకుడు, కాపయనాయకుడు అను పేర్లు కనబడును. ఫెరిస్తా చెప్పిన కృష్ణనాయకుడు కాపయయే. ఆయన కాకతీయ కుమారుడు కాడు, ముసునూరివాడు. ఇట్లు చెదరిన సాక్ష్యములను కూర్చి శర్మగారు మఱపున పడిన ఆ ఆంధ్రచరిత్ర ఘట్టమును 1945లో ఆంగ్లమున గ్రంథముగ వెలువరించిరి. పిమ్మట ప్రోలయనాయకుని విలస తామ్రశాసనమును నేలటూరి వేంకటరమణయ్యగారితో కలిసి పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 32వ సంపుటమున ప్రకటించిరి.

ఇక మన సంబంధము. కాపయనాయకుడు బహమనీ రాజ్యస్థాపకునికి విడిచిపెట్టవలసివచ్చిన కోట కౌలాసు. అది మనకు ఉత్తరమున నున్నది. ఆ బహమనీల తరువాతి రాజధాని బీదరు మనకు పొరుగూరు. బీదరు కోట చూచి వచ్చినవారు మనలో ననేకులు గలరు. ఆ గోడలు లేవక పూర్వము ఈ సరిహద్దున ఎవరు ఎవరితో పోరాడిరో మనకు తెలియుటకు ఈ బీరువాలే ఆధారము.

1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు శర్మగారి రెడ్డిరాజ్యముల చరిత్రను ప్రకటించిరి. 1325 ప్రాంతము మొదలు 1448 వఱకు గల కాలమును ఆయన అందు నిరూపించిరి. రాజుల యుద్ధములతో ముగింపక పరిపాలనను, వర్తకమును, ప్రజల జీవితమును గూడ వ్రాసిరి. రెండు గ్రంథములును ఆంగ్లమున నుండుట తెలుగు పాఠకునకు కొంత కొఱతయే. విద్వత్ప్రపంచమున తెలుగు చరిత్రకు గౌరవము కలుగవలెనన్న ఆ కాలమున అది తప్పలేదేమో యని నా యూహ.

హైదరాబాదు పురావస్తుశాఖకు డైరెక్టరుగ నుండిన గులాం యజ్దానీగారి సంపాదకత్వమున దక్కను పూర్వచరిత్ర 1960లో వెలువడినది. అందు ఓరుగంటి కాకతీయుల ప్రకరణమును వేంకటరమణయ్యగారును శర్మగారును కలిసి వ్రాసిరి. మినిమించిలిపాడునుండి బయలుదేరిన పాఠకుడు ఈ విధముగ ఓరుగల్లు చరిత్రకు లేఖకుడైనాడు. అది అచ్చైన మూడేండ్లకు, 1963లో, శర్మగారు కీర్తిశేషులైరి.