అధ్యక్షుడి బీపీ... పదేళ్లు పెరుగుతూనే పోయింది!

మీరు చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? అప్పుడు ఎంత ఉందో గుర్తుందా? చాలామందికి కిందటి నెల కరెంటు బిల్లు గుర్తుంటుంది గానీ బీపీ అంకె గుర్తుండదు. మహా అయితే కాస్త ఎక్కువుందన్నారనో, ఈ వయసులో అది మామూలేనన్నారనో చెబుతారు. సరిగ్గా ఇదే మాట ఒక దేశాధ్యక్షుడి విషయంలోనూ ఏళ్ల తరబడి వినిపించింది. ఆయన ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్. అమెరికాకు నాలుగుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికైన ఒకే ఒక్కడు. ఆయన బీపీ ఎలా పెరుగుతూ వచ్చిందో కాగితం మీద అంకెలతో సహా ఉంది. అందుకే గుండె వైద్యులు ఇప్పటికీ ఆయన కథను గుర్తుచేసుకుంటారు. మీరూ ఒకసారి తెలుసుకోండి. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

కాళ్లు పడిపోయినా...

రూజ్‌వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో పుట్టారు. కలిగిన కుటుంబం. తండ్రి జేమ్స్ గుండెజబ్బుతో 1900లో చనిపోయారు. అప్పటికి ఫ్రాంక్లిన్ వయసు 18 ఏళ్లే. తల్లిదండ్రుల్లో గుండెజబ్బు ఉంటే పిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలని ఇప్పుడు మీకు ఏ డాక్టరైనా చెబుతారు. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ అలా చూడలేదు.

1921లో, 39 ఏళ్ల వయసులో ఆయనకు తీవ్రమైన జబ్బు చేసింది. అది పోలియో అని తేల్చారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. మరొకరైతే రాజకీయాలకు దండం పెట్టి ఇంటి పట్టున ఉండిపోయేవారే. ఆయన మాత్రం కాళ్లకు ఉక్కు పట్టీలు కట్టుకుని, పక్కవారి చెయ్యి పట్టుకుని నిలబడటం నేర్చుకున్నారు. న్యూయార్క్ గవర్నరయ్యారు. 1932లో అధ్యక్షుడిగా గెలిచారు. చక్రాల కుర్చీలో ఉన్న ఫొటోలు బయటకు రాకుండా ఎంతో జాగ్రత్త పడేవారు. నాయకుడు బలహీనంగా కనిపించకూడదన్నది ఆనాటి ఆలోచన. శరీరం సంగతి జనానికి తెలియనీయకూడదన్న ఆ అలవాటే తర్వాత గుండె విషయంలోనూ కొనసాగింది.

అంకెలు ఏం చెప్పాయి?

1935లో ఆయన బీపీ 136/78. అప్పటికి పెద్దగా భయపడాల్సిందేమీ లేదు. 1937లో 162/98. 1940లో 178/88. 1941 ఫిబ్రవరిలో 188/105. ఈ అంకెలను ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ఆరేళ్లలో పైఅంకె 50కి పైగా పెరిగింది. ఇప్పుడైతే 1937 నాటికే మందులు మొదలుపెట్టేవారు. ఏళ్లు గడుస్తున్నా ఆయన వ్యక్తిగత వైద్యుడు రాస్ మెకిన్‌టైర్ మాత్రం ఆ వయసుకు ఆరోగ్యం బాగానే ఉందని పత్రికలకు చెబుతూ వచ్చారు. ఆయన చెవి, ముక్కు, గొంతు నిపుణుడు. అధ్యక్షుడికి సైనస్ బాధ ఉండేది. ఆ కారణంగానే ఈయనను పెట్టుకున్నారు.

ఒక్క మెకిన్‌టైర్‌నే తప్పు పట్టలేం. వయసుకు 100 కలిపితే ఎంతో అంత బీపీ ఉండొచ్చన్న లెక్క అప్పట్లో బాగా చలామణిలో ఉండేది. వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు గట్టిపడతాయి కాబట్టి వాటిలోంచి రక్తం వెళ్లాలంటే ఒత్తిడి పెరగాల్సిందేననీ, దాన్ని తగ్గిస్తే కీడు జరుగుతుందనీ నమ్మే పెద్ద డాక్టర్లూ ఉండేవారు. పైగా తగ్గించడానికి సరైన మందులే లేవు. ఆ వయసు లెక్క మన ఇళ్లల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. అది తప్పని తేలిపోయి దశాబ్దాలైంది.

ఈలోగా రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. నిద్ర తక్కువ. పని ఎక్కువ. రోజుకు 20కి పైగా సిగరెట్లు. కాళ్లు కదలవు కాబట్టి ఒంటికి తగిన శ్రమ లేదు. ఇంకొక సంగతి కూడా గమనించండి. మెట్లెక్కినప్పుడో, గబగబా నడిచినప్పుడో ఆయాసం వస్తే మనలో చాలామందికి అనుమానం కలుగుతుంది. నడవలేని మనిషికి ఆ హెచ్చరిక అందే వీలు కూడా తక్కువే.

కూతురి పట్టుదల

1944 మొదట్లో ఆయనకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గలేదు. మనిషి బూడిద రంగుకు తిరిగారు. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీసేవారు. ఫ్లూ తర్వాత వచ్చిన నీరసమని అందరూ సరిపెట్టుకున్నా కూతురు అన్నా ఊరుకోలేదు. నాన్నకు పూర్తి పరీక్షలు చేయించాల్సిందేనని పట్టుబట్టింది. మార్చి 27న బెథెస్డాలోని నౌకాదళ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పరీక్షించింది గుండె నిపుణుడు హోవర్డ్ బ్రున్. చిన్న వయసు డాక్టరు, నౌకాదళ అధికారి.

బ్రున్‌కు కనిపించిందేమిటి? పెదవులు నీలిరంగుకు తిరిగాయి. కాస్త అటూ ఇటూ కదిలినా ఆయాసం. ఊపిరితిత్తుల అడుగున నీరు చేరిన చప్పుడు. ఎక్స్‌రేలో గుండె బాగా పెద్దదైనట్టు తెలిసింది. బీపీ 186/108. అది ఉత్త దగ్గు కాదు, గుండె వైఫల్యం.

ఇదెలా జరుగుతుందో తేలిగ్గా అర్థం చేసుకోవచ్చు. ఎత్తున ఉన్న ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు మీద ఎక్కువ భారం పడుతుంది కదా? బీపీ ఎక్కువగా ఉంటే గుండె పరిస్థితీ అంతే. అంత ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టి నెట్టి ఎడమ గది కండరం మొదట మందమవుతుంది. చాలా ఏళ్లు అలాగే నెట్టుకొస్తుంది. ఆ కాలమంతా మనకేమీ తెలియదు. ఆ తర్వాత అలసిపోయి సాగిపోతుంది. ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. దగ్గు, ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం అందుకే.

వైద్యం దొరికింది, సంగతి దాచారు

బ్రున్ డిజిటాలిస్ ఇవ్వాలన్నారు. గుండె బలంగా కొట్టుకోవడానికి 18వ శతాబ్దం నుంచీ వాడుతున్న, మొక్క నుంచి తీసిన మందు అది. పెద్ద డాక్టర్లు మొదట ఒప్పుకోలేదు. అధ్యక్షుడికి విషయం తెలిసిపోతుందని వెనకాడారు. మందు ఇవ్వకపోతే తానీ కేసు చూడనని బ్రున్ గట్టిగా నిలబడ్డారు. చివరికి ఒప్పుకున్నారు. మందుతో పాటు ఉప్పు తగ్గించారు, బరువు తగ్గించారు, సిగరెట్లను ఐదారుకు కుదించారు, పనిగంటలు కోసేశారు. దక్షిణ కరొలినాలోని ఒక మిత్రుడి ఎస్టేటులో దాదాపు నెల రోజులు విశ్రాంతి ఇప్పించారు. రెండు వారాల్లోనే ఊపిరితిత్తులు తేటపడ్డాయి. దగ్గు పోయింది. గుండె వాపు తగ్గింది.

కానీ మూలమైన బీపీ తగ్గలేదు. దాన్ని తగ్గించే మందు అప్పటికి చేతికి రాలేదు. ఇంకా విచిత్రమేమిటంటే, జబ్బు సంగతి రోగికి చెప్పొద్దని బ్రున్‌కు ఆదేశం ఉంది. రోజూ బీపీ చూసే డాక్టరును అది ఎంతుందని ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. కొత్తగా ఇస్తున్న ఆ మాత్రలేమిటనీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనన్న జంకు మనలో ఎంతమందికి లేదు? పరీక్షల కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేసేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

ఆ ఆగస్టులో బ్రెమెర్టన్ ఓడరేవులో, యుద్ధనౌక మీద నిలబడి ప్రసంగిస్తుండగా ఛాతీలో నొప్పి మొదలై భుజాలకు పాకింది. పావుగంట సేపు ఆ నొప్పితోనే మాట్లాడారు. తర్వాత ఈసీజీ తీస్తే గుండెపోటు గుర్తులు లేవు. గుండెకు రక్తం చాలక వచ్చిన నొప్పి అది. నవంబరులో నాలుగోసారి ఎన్నికల్లో గెలిచారు. ఓటేసిన జనానికి ఈ సంగతులేవీ తెలియవు.

1945 ఫిబ్రవరిలో చర్చిల్, స్టాలిన్‌లతో సమావేశానికి యాల్టా వెళ్లారు. పోలెండ్ గురించి వాడిగా చర్చ జరిగిన రోజు సాయంత్రం బ్రున్ నాడి పట్టుకుంటే ఒక దెబ్బ బలంగా, మరో దెబ్బ బలహీనంగా తగిలింది. గుండె అలసిపోయిందనడానికి అదొక గుర్తు. కలవడానికి వచ్చేవాళ్లను ఆపేసి విశ్రాంతి ఇస్తే కొన్నాళ్లకు సర్దుకుంది.

ఏప్రిల్ 12, మధ్యాహ్నం

1945 ఏప్రిల్ 12. జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్. పోలియో తర్వాత వేడినీటి ఈత కోసం ఆయన ఎన్నో ఏళ్లుగా వస్తున్న ఊరు. పొద్దున్న కాస్త తలనొప్పి, మెడ పట్టేసినట్టుందని డాక్టరుకు చెప్పారు. తర్వాత సర్దుకున్నట్టే కనిపించారు. మధ్యాహ్నం కాగితాలు చూస్తూ కూర్చున్నారు. ఎదురుగా ఒక చిత్రకారిణి ఆయన బొమ్మ గీస్తోంది. ఒంటిగంట దాటాక తల వెనక విపరీతమైన నొప్పి అన్నారు. అంతే, కుర్చీలోనే ఒరిగిపోయారు. మళ్లీ స్పృహ రాలేదు. పావుగంటలో బ్రున్ వచ్చి చూసేసరికి బీపీ 300/190 దాటింది. మెదడులో రక్తనాళం చిట్లింది. 3.35కు ప్రాణం పోయింది. వయసు 63 ఏళ్లు. ఆ బొమ్మ సగంలోనే ఆగిపోయి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది.

పిడుగులా వచ్చిపడిన మరణమని మెకిన్‌టైర్ లోకానికి చెప్పారు. ఎన్నో ఏళ్ల ముందు నుంచీ కాగితం మీద కనబడుతున్న దాన్ని పిడుగు అనగలమా? ఆసుపత్రిలోని ఆయన రికార్డు తర్వాత ఎవరికీ దొరకలేదు. 1970లో బ్రున్ తన నోట్సు ఆధారంగా ఒక వైద్య పత్రికలో ఆ అంకెలన్నీ ప్రచురించాకే అసలు సంగతి అందరికీ తెలిసింది.

ఆయన తర్వాత ఏం మారింది?

ఆయన పోయిన మూడేళ్లకు, 1948లో అమెరికా గుండెజబ్బుల పరిశోధన కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. అదే ఏడాది మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలైంది. అధిక బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం గుండెజబ్బుకు దారితీస్తాయని గట్టిగా తేల్చింది అదే. వయసుతో పాటు పెరిగే బీపీ హానిచేయదన్న నమ్మకాన్నీ అదే చెరిపేసింది.

మందుల విషయంలో మన దేశం పాత్రా ఉంది. మన వైద్యంలో తరతరాలుగా వాడుతున్న సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. ప్రపంచం దృష్టి అటు మళ్లింది. ఆ తర్వాత ఒంట్లోని అదనపు ఉప్పు, నీటిని బయటకు పంపే మాత్రలు, ఇంకా మెరుగైన మందులు వచ్చాయి. రూజ్‌వెల్ట్‌కు ఎంత డబ్బు, పలుకుబడి ఉన్నా దొరకని మాత్ర ఇప్పుడు మీ వీధి చివరి మందుల దుకాణంలో కొద్ది రూపాయలకే దొరుకుతోంది.

మీరేం చేయాలి?

* 30 ఏళ్లు దాటితే ఏ బాధా లేకపోయినా ఏటా బీపీ చూపించుకోండి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. తల్లిదండ్రుల్లో ఎవరికైనా బీపీ, గుండెజబ్బు ఉంటే అసలు వాయిదా వేయొద్దు.

* పరీక్షకు ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్టు వద్దు. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. వీపును కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు తాకించి, చేతిని గుండె ఎత్తులో ఉంచండి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి.

* 120/80 కన్నా తక్కువుంటే మంచిదే. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, అంతకన్నా ఎక్కువుంటే డాక్టరును కలవండి.

* అంకెను తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక్కసారి చూసిన అంకె కన్నా ఏడాదికేడాది అది ఎటు పోతోందన్నది ముఖ్యం.

* ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా మించొద్దు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పునూ లెక్కలో వేసుకోండి.

* బీపీ అదుపులోకి వచ్చిందంటే మందు పనిచేస్తోందని అర్థం. జబ్బు పోయిందని కాదు. డాక్టరు చెప్పకుండా మాత్రలు మానొద్దు.

* ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట తడబడటం, ఛాతీలో నొప్పి... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కాసేపు చూద్దామని ఆగొద్దు.

చివరగా ఒక మాట. ఇంట్లో పెద్దవాళ్లు తమకేమీ లేదని కొట్టిపారేస్తుంటే అన్నాలాగే మీరూ పట్టుబట్టండి. కూతురు పట్టుబట్టబట్టే రూజ్‌వెల్ట్ జబ్బు బయటపడింది. అప్పుడు దానికి సరైన మందు లేదు, ఇప్పుడుంది. ఈ వారంలోనే ఒకరోజు వీలు చూసుకుని మీ అమ్మానాన్నలను, అత్తమామలను తీసుకెళ్లి బీపీ చూపించండి. పనిలో పనిగా మీదీ చూపించుకోండి.