వికార్ ఉల్ ఉమ్రా

సర్ వికార్ ఉల్ ఉమ్రా (1856 - 1902) హైదరాబాదు సంస్థానపు ప్రముఖ పైగా ప్రభువులలో ఒకరు. 1893 నుండి 1901 వరకు సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేశారు. నేడు విలాసవంతమైన హోటలుగా ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఫలక్‌నుమా ప్యాలెస్ నిర్మాత ఈయనే. తాను ఎంతో ఇష్టపడి కట్టించిన ఆ భవనంలో కొద్ది సంవత్సరాలు మాత్రమే నివసించగలగడం ఆయన జీవితంలోని విశేషం.

కుటుంబం

ఈయన అసలు పేరు మహమ్మద్ ఫజలుద్దీన్ ఖాన్. ఇక్బాల్ ఉద్దౌలా అనే బిరుదు కూడా కలదు. తండ్రి రషీదుద్దీన్ ఖాన్ 1877లో మొదటి సాలార్ జంగ్‌తో పాటు సంస్థానపు సహ పరిపాలకునిగా నియమితులయ్యారు. పైగాలు తరతరాలుగా నిజాం అంగరక్షక సైన్యాన్ని పోషించే ప్రభు వంశీయులు. అందుకు ప్రతిఫలంగా వారికి విశాలమైన జాగీర్లు ఉండేవి. సంస్థానంలో నిజాం తరువాతి స్థానం వీరిదే. వికార్ ఉల్ ఉమ్రా అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమార్తె జహందారున్నీసా బేగంను వివాహమాడారు. ఆ విధంగా ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకు బావమరిది అయ్యారు.

ఫలక్‌నుమా నిర్మాణం

చార్మినారుకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో గల కోహ్-ఇ-తూర్ అనే గుట్టను ఆయన తన నివాసానికి ఎంచుకున్నారు. 1884 మార్చి 3న శంకుస్థాపన జరిగింది. నమూనా తయారు చేసినది విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి. పనులు పూర్తి కావడానికి దాదాపు తొమ్మిది సంవత్సరాలు పట్టింది. సుమారు 40 లక్షల రూపాయలు ఖర్చయినట్లు చెబుతారు. ఫలక్‌నుమా అనగా ఆకాశాన్ని పోలినది అని అర్థం.

భవన సముదాయం పైనుండి చూసినప్పుడు తేలు ఆకారంలో ఉంటుంది. ఉత్తరాన రెండు కొండెల వలె రెక్కలు చాచి ఉంటాయి. మధ్యన ప్రధాన భవనం, దాని వెనుక దక్షిణంగా వంటశాల, గోల్ బంగ్లా, జనానా మహలు, అంతఃపురం వరుసగా సాగుతాయి. 1890 డిసెంబరులో ఆయన గోల్ బంగ్లాకు, జనానా మహలుకు మారి, పురుషుల విభాగమైన మర్దానాలో మిగిలిన పనులను దగ్గరుండి చేయించారు.

లోపలి అలంకరణ

ముఖభాగంలో ఇటలీ వాస్తురీతి కనిపిస్తుంది. ప్రవేశ మందిరంలోను, మెట్లకు ఇటలీ పాలరాయిని వాడారు. గ్రంథాలయపు పైకప్పు చెక్కిన వాల్‌నట్ కర్రతో, ఇంగ్లాండులోని విండ్సర్ కోటలోని పైకప్పును అనుసరించి చేయబడింది. నాట్యశాలలో ఆర్గాన్ వాద్యం ఉంది. భోజనశాలలోని బల్ల వద్ద ఒకేసారి 101 మంది కూర్చుని భోజనం చేయవచ్చు. వెనీసు షాండిలియర్లు ఇక్కడి మరొక ప్రత్యేకత. దర్బారు కొలువులకు, ఐరోపా పద్ధతి విందులకు ముందు భాగం, స్త్రీల నివాసానికి వెనుక భాగం ఏర్పరచిన తీరులో ఐరోపా రూపం, దక్కను ప్రభువుల జీవన విధానం రెండూ కలిసి కనిపిస్తాయి.

నిజాంకు అప్పగింత

భవనపు ఖర్చు పైగా ప్రభువుకు సైతం మోయలేని భారమైంది. అప్పులు చేయవలసి వచ్చింది. ఆరవ నిజాం అతిథిగా వచ్చి భవనాన్ని ఎంతగానో మెచ్చుకున్నారని, భార్య సలహాపై వికార్ ఉల్ ఉమ్రా దానిని ఆయనకు సమర్పించారని, నిజాం ఆ తరువాత తగిన ధనం చెల్లించారని ప్రచారంలో ఉంది. 1897-98 ప్రాంతంలో యాజమాన్యం నిజాంకు మారింది. సార్వభౌముని నివాసాలను మించిన భవనం ఒక సామంతుని చేతిలో ఉండడం ఇబ్బందికరమే గనుక, ఈ సమర్పణ అప్పు నుండి బయటపడే మార్గంగాను, గౌరవం నిలుపుకునే మార్గంగాను ఉపయోగపడిందని భావించవచ్చు.

చివరి సంవత్సరాలు

ఆయన మంత్రిత్వ కాలంలోనే 1899-1900 నాటి తీవ్రమైన కరువు సంస్థానాన్ని పీడించింది. 1901లో ఆయన స్థానంలో మహారాజా కిషన్ పర్షాద్ ప్రధానమంత్రి అయ్యారు. మరుసటి సంవత్సరమే వికార్ ఉల్ ఉమ్రా మరణించారు. స్పెయిన్ పర్యటన తరువాత ఆయన బేగంపేటలో తలపెట్టిన మసీదు 1906లో పూర్తయింది. దీనిని స్పానిష్ మసీదు అంటారు. వికారాబాదు పట్టణానికి ఈయన పేరే పెట్టారు. సంతోష్‌నగర్ వద్ద గల పైగా సమాధులలో ఈయన సమాధి ఉంది.

తరువాతి చరిత్ర

నిజాం ఫలక్‌నుమాను రాచ అతిథి గృహంగా వాడుకున్నారు. 1911లో మహబూబ్ అలీఖాన్ ఇక్కడే మరణించారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ బస చేసిన తరువాత భవనం చాలాకాలం మూతబడి ఉంది. 2000లో తాజ్ హోటళ్ళ సంస్థ పునరుద్ధరణ పనులు చేపట్టింది. పాత అలంకరణను కాపాడే ఈ పనులకు సుమారు పదేళ్ళు పట్టింది, అనగా మొదట కట్టడానికి పట్టినంత కాలం. 2010 నవంబరులో హోటలుగా ప్రారంభమైంది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా భారత ప్రధాని ఇచ్చిన విందు ఆ 101 మంది కూర్చునే బల్ల వద్దనే జరిగింది.