లెఫ్టినెంటు కర్నలు తారాపోరు

బొంబాయికి ఉత్తరముగా సముద్రతీరమున తారాపూరు అను గ్రామము కలదు. శివాజీ మహారాజు సేనానులలో ఒకడైన రతన్‌జీబా అను పార్సీ వీరుడు నూరు గ్రామములను బహుమానముగా బడసెననియు, వానిలో ముఖ్యమైన తారాపూరు పేరే ఆ వంశమునకు ఇంటిపేరయ్యెననియు చెప్పుదురు. ఆ వంశమువాడొకడు తరువాతి కాలమున హైదరాబాదు చేరి నిజాము ప్రభుత్వమున అబ్కారీ శాఖలో ఉద్యోగము చేసెను. ఆయన మనుమడే అర్దెషీర్ బుర్జోర్జీ తారాపోరు. ఇతడు 1923వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. తండ్రి నిజాము ప్రభుత్వపు సుంకముల శాఖలో పనిచేయుచు, ఫారసీ, ఉర్దూ భాషలయందు విద్వాంసుడని పేరుగాంచెను. అర్దెషీరును ఆప్తులు ఆది అని ముద్దుగా పిలిచెడివారు.

ఆది పసివాడుగా నున్నప్పుడు ఒకనాడు పెరటిలోని ఆవు పలుపు తెంచుకొని అతని అక్కపైకి ఉరికెను. బాలిక భయముతో కొయ్యబారిపోయెను. ఆది అక్కకు అడ్డముగా నిలిచి ఆవు ముట్టెపై గట్టిగా కొట్టెను. తోబుట్టువును తన వెనుక నుంచుకొని ఎదిరి నిలుచుట ఆ బాలునికి ఒకరు నేర్పిన విద్య కాదు.

ఏడేండ్లు నిండగనే పెద్దలు అతనిని పూనాలోని సర్దార్ దస్తూర్ బాలుర వసతి పాఠశాలకు పంపిరి. చదువున అతడు సామాన్యుడే. కాని ఈతయందును, ముష్టియుద్ధమందును, టెన్నిసు, క్రికెటు ఆటలయందును మేటి. 1940వ సంవత్సరమున మెట్రిక్యులేషను ముగించి సైన్యమున చేరగోరెను. గోలకొండలోని శిక్షణాలయమున కొంతకాలమును, పిమ్మట బెంగుళూరునందును శిక్షణ పొంది, నిజాము సైన్యమున 7వ హైదరాబాదు పదాతి దళములో అధికారిగా నియమింపబడెను.

అతనికి మాత్రము మనసు కవచదళముపైననే. ఆ కోరిక తీరిన విధము చిత్రమైనది. ఒకనాడు సైనికులు చేతిబాంబులు విసరుట నేర్చుకొనుచుండిరి. క్రొత్తగా చేరిన సిపాయి యొకడు చేయి వణకి, ముల్లు తీసిన బాంబును అచ్చటనే జారవిడిచెను. అట్టి బాంబు కొన్ని క్షణములలో ప్రేలును. తారాపోరు ఒక్కదూకున పోయి దానిని తీసి దూరముగా విసరెను. అది చేయి విడిచినంతనే ప్రేలి, దాని తునుకలు అతని రొమ్మున నాటుకొనెను. సైన్యాధిపతియగు జనరల్ ఎల్ ఎద్రూసు దీనిని కన్నులార చూచి అతనిని పిలిపించి మెచ్చుకొనెను. అప్పుడు తారాపోరు అడిగినది బిరుదము కాదు, ధనము కాదు; కవచదళమునకు బదిలీ మాత్రమే. అంతట అతడు హైదరాబాదు లాన్సర్ల దళమున చేరి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున పశ్చిమాసియాలో పనిచేసెను.

1948వ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. ఎల్ ఎద్రూసు ఎవరికి లొంగిపోయెనో ఆ జనరల్ చౌదరియే 1965లో భారత సేనాధిపతిగా నుండుట విశేషము. నిజాము సైన్యపు అధికారులలో పలువురకు అంతటితో కొలువు ముగిసెను. తారాపోరును భారత సైన్యము గ్రహించి, 1951లో 17వ పూనా హార్సు రెజిమెంటునకు పంపెను. నాటి నుండి అదియే అతనికి రెండవ ఇల్లు. మొదటి ఇంటియందు వృద్ధురాలైన తల్లి, భార్య పెరిన్, ఒక కూతురు, ఒక కొడుకు. కాలక్రమమున ఆయన ఆ రెజిమెంటునకు నాయకుడయ్యెను.

1965వ సంవత్సరము సెప్టెంబరులో పాకిస్తానుతో యుద్ధము సాగుచుండగా పూనా హార్సు సియాల్‌కోట ప్రాంతమునకు కదలెను. పోరునకు పూర్వము కర్నలు తారాపోరు తన తోటి అధికారియగు మేజరు చీమాను చేరబిలిచి కొన్ని మాటలు అప్పగించెను. తాను మరణించినచో తన దేహమును యుద్ధభూమియందే దహనము చేయవలెను. ప్రార్థన పుస్తకమును తల్లికిని, మెడలోని బంగారు గొలుసును భార్యకును, ఉంగరమును కూతునకును, చేతి కడియమును, ఫౌంటెను పెన్నును కొడుకునకును చేర్చవలెను. కొడుకు తనవలె సైనికుడు కావలెనని కోరినట్లు తెలుపవలెను. అగ్నిని పరమ పవిత్రముగా ఎంచు పార్సీలు సంప్రదాయముగా శవమును అగ్నికి అర్పింపరు. అయినను, తన మనుష్యులతో నిలిచిన నేలను మరణమందును విడువరాదని ఆయన నిశ్చయించుకొనెను కాబోలు. ఇంటిలో ఒక్కరినైనను మరువక, ఎవరికి తగినది వారికి పంచి, ఆయన ట్యాంకునెక్కెను.

సెప్టెంబరు 11వ తేదీన ఫిల్లోరాను వెనుకనుండి ముట్టడించుటకు రెజిమెంటు కదలుచుండగా, వజీర్వాలీ వైపునుండి శత్రువుల ట్యాంకులు పెనుబలముతో తాకెను. తారాపోరు వెనుదీయక ఆ దెబ్బను నిలువరించి, ఫిరంగుల వర్షములోనే, ఒక స్క్వాడ్రనుతో, పదాతుల తోడ్పాటుతో ఫిల్లోరాపైకి నడచెను. ఆ పోరున ఆయనకు గాయము తగిలెను. వెనుకకు పోయి చికిత్స పొందుమనిరి. ఆయన అంగీకరింపలేదు. ఆ గాయముతోనే మరల సైన్యమును నడపి వజీర్వాలీని, 16వ తేదీన జస్సోరానును, బుతూర్-డోగ్రాందీని గెలిచెను. ఆయన ట్యాంకునకు పలుమారులు గుండ్లు తగిలెను. ఈ పోరులలో పూనా హార్సు సుమారు 60 శత్రు ట్యాంకులను ధ్వంసము చేసి, తాను పోగొట్టుకొన్నవి 9 మాత్రమే. తొమ్మిది అనుట చిన్న లెక్కయే. కాని సెంచూరియను ట్యాంకు ఒక్కొక్కదానిలో నలుగురు మనుష్యులుందురు.

ఆ 16వ తేదీననే శత్రువుల గుండు దెబ్బకు కర్నలు తారాపోరు నేలకొరగెను. అప్పటికి ఆయన వయస్సు 42 ఏండ్లు. కోరిన విధముననే సహచరులు యుద్ధభూమియందు ఆయనను దహనము చేసిరి. భారత ప్రభుత్వము పరమవీరచక్రము నొసగెను. ఆ పతకమును పొందినవారిలో పోరునాటికి ఆయనంతటి పెద్ద హోదాలోనున్నవాడు మరియొకడు లేడు. 2023వ సంవత్సరము జనవరి 23వ తేదీన అండమాను నికోబారులలోని ఒక ద్వీపమునకు ఆయన పేరు పెట్టిరి.

సెప్టెంబరు 23వ తేదీన యుద్ధము ఆగెను. 1966 జనవరిలో తాష్కెంటు ఒప్పందము జరిగెను. దాని ప్రకారము ఇరుపక్షములవారును తాము గెలిచిన నేలను విడిచి వెనుకకు మరలిరి. ఫిల్లోరాతోపాటు బుతూర్-డోగ్రాందీ పొలములును తిరిగి పాకిస్తానునకు చెందెను. తారాపోరు చితి రగిలిన నేల నేడు సరిహద్దునకు ఆవల, చెరకు తోటల నడుమ నున్నది.