కారాగార బంధువు: శ్రీమతి ఎలిజబెతు ఫ్రై చరిత్రము

దేవకీదేవి కంసుని చెఱలో నుండి శ్రీకృష్ణుని గన్న కథ మన యిండ్లలో పసిబిడ్డలకును దెలిసినదే. ఏటేట శ్రావణ బహుళాష్టమినాడు ఆ శిశువు నర్చించు మనము, ఆ తల్లి యే నేలపై ప్రసవించెనో, ఆమెకు మంచినీరు దెచ్చి యిచ్చిన వారెవరో యని విచారింపము. చెఱలోని స్త్రీని గూర్చి విచారించుటయే జీవితవ్రతముగా జేసికొనిన యొక విదేశ వనిత చరిత్రమును ఈ సంచికయందు మన సోదర సోదరీమణులకు సంగ్రహముగా నివేదింప నెంచితిమి.

ఎలిజబెతు 1780 వ సంవత్సరము మే 21 వ తేదీన ఇంగ్లండు దేశమున నార్విచ్ నగరమందు గర్నీ యను సంపన్న వంశమున జన్మించెను. ఆ వంశమువారు క్వేకరు మతస్థులు; ఆ మతము వస్త్రాడంబరమును, యుద్ధమును, ప్రమాణములను విసర్జించినది. ఈమెకు పండ్రెండవ యేట మాతృవియోగము గలిగెను. 1798 లో నొక ధర్మోపదేశకుని ప్రసంగము వినినది మొదలు ఈమె మనస్సు దీనజనసేవ వైపు మరలెను. 1800 లో జోసఫు ఫ్రై యను వర్తకుని వివాహమాడి లండను నగరమునకు కాపురమునకు వచ్చెను. ఈ దంపతులకు బదునొకండుగురు బిడ్డలు గలిగిరి. గృహకృత్యములు లేక తీరికయుండి లోకసేవకు బూనిన స్త్రీ యని యెవరును భ్రమపడకుందురుగాక యని యీ సంఖ్యను వ్రాసితిమి.

1813 లో స్టీఫెన్ గ్రెలెట్ అను క్వేకరు బోధకుడు లండనులోని న్యూగేటు కారాగారమును జూచివచ్చి, అందలి స్త్రీల దురవస్థను ఈమెకు దెలిపెను. ఈమె తడయక బట్టలు సమకూర్చుకొని స్వయముగా బోయెను. సుమారు మున్నూరుగురు స్త్రీలు, వారి శిశువులు, కొలది గదులలో గ్రుక్కబడి యుండిరి. శిక్షపడినవారును, విచారణయే కానివారును, ఉరికంబమునకు గాచికొని యున్నవారును, చిల్లర దొంగతనము చేసిన బాలికలును ఒక్కచోటనే యుండిరి. అక్కడనే వంట, అక్కడనే చాకిరి, అక్కడనే నేలపై నిద్ర. కావలివారే లోనికి బోవ జంకుచుండిరి. ఈమె మాత్రము లోన బ్రవేశించి, గుడ్డలు లేని శిశువులకు గుడ్డలు దొడిగి, రోగులకు బరచుకొనుటకు గడ్డి దెప్పించెను.

తరువాత గృహభారమును, 1815 లో నొక చిన్నకూతురి మరణమును ఈమెను కొంతకాలము నిలిపివైచెను. 1816 చివర మరల న్యూగేటునకు వచ్చి, ఖైదీలైన తల్లులను సమావేశపఱచి, వారి బిడ్డలకొక పాఠశాల పెట్టుదమా యని యడిగెను. తల్లులు సంతోషముతో నంగీకరించి, గడియారము దొంగిలించినందుకు చెఱబడిన యొక చదువుకొనిన యువతిని తామే యుపాధ్యాయినిగా నెన్నుకొనిరి. 1817 ఏప్రిలులో ఫ్రై దొరసాని పండ్రెండుగురు స్త్రీలతో నొక సంఘము స్థాపించి, ఖైదీలకు కుట్టుపని, అల్లికపని నేర్పించెను. జూదము, త్రాగుడు, దుర్భాషలు మానవలయునను నియమములను ఒక్కొక్కటిగా జదివి, ఖైదీలు చేతులెత్తి సమ్మతించిన పిమ్మటనే యమలుపఱచెను. చిరకాలము ఉపాధ్యాయవృత్తిలో నుండిన మాకు ఇది మిక్కిలి మనోహరముగా దోచినది. తాను సమ్మతించిన నియమమును మనుష్యుడు దన గౌరవముగా గాపాడుకొనును. పైనుండి పడిన నియమమును దప్పించుకొన జూచును. కొలది మాసములలోనే న్యూగేటు స్త్రీల భాగము గుర్తింపరానంతగా మాఱెను.

1818 లో ఈమె పార్లమెంటు కమిటీ యెదుట సాక్ష్యమిచ్చెను. ఆ కాలమున ఇంగ్లండులో స్వల్పాపరాధములకు గూడ ఉరిశిక్ష విధించుచుండిరి. ఆ యేడే హారియెట్ స్కెల్టన్ అను స్త్రీకి, దొంగ బ్యాంకు నోట్లు మార్చినందుకు మరణశిక్ష పడెను. ఫ్రై దొరసాని హోము మంత్రియగు సిడ్మత్ ప్రభువు నెంత ప్రార్థించినను ఫలింపలేదు. ఆయన ఆగ్రహము మాత్రము లభించెను. ఆ స్త్రీ నురిదీసిరి. కాలచక్రము విచిత్రమైనది. ఆ ఇంగ్లండు బ్యాంకు వారే 2002 మొదలు 2017 వఱకు చెలామణిలో నుండిన దమ యైదుపౌనుల నోటుపై ఈ ఫ్రై దొరసాని చిత్రమునే ముద్రించిరి.

ద్వీపాంతరశిక్ష పడిన స్త్రీలను సంకెలలతో తెఱపిబండ్లపై నూరేగించుచు ఓడరేవునకు గొనిపోవుచుండిరి. వీథిలోని జనులు వారిని దూషించుచుండిరి. ఈమె అధికారులను బ్రార్థించి మూసిన బండ్లు ఏర్పాటు చేయించెను. తాను వెంట బోయి ఓడ నెక్కి, ప్రతి స్త్రీకిని సూదులు, దారము, గుడ్డముక్కలు గల సంచి నిప్పించెను. సంవత్సరముల తరబడి నూఱు పైచిలుకు ఓడలకు ఈ యేర్పాటు సాగెను. 1841 లో "రాజా" యను ఓడలో టాస్మేనియాకు బంపబడిన స్త్రీలు ఆ గుడ్డముక్కలను 2,815 గూర్చి యొక గొప్ప దుప్పటి కుట్టిరి. అది నేటికిని ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. చేతికి పని దొరకిన ఖైదీ యేమి చేయగలదో చెప్పుటకు వేఱు సాక్ష్యమేల?

1823 నాటి చెఱసాలల చట్టము స్త్రీఖైదీలకు స్త్రీలే కావలి యుండవలయునని విధించెను. ఈమె కృషియందుకు బలము గూర్చెను. అయినను కీర్తి వెంబడి కష్టమును వచ్చెను. 1828 లో భర్త బ్యాంకు దివాలా తీసెను. మతసంఘమువారు భర్తను వెలివేసిరి. విశాలమైన గృహమును విడువవలసి వచ్చెను. లోకులు నిందించిరి. ఈమె కొంత క్రుంగియు, సోదరుని సాహాయ్యముతో నిలద్రొక్కుకొని, సేవను మానదయ్యెను. 1835 లో ప్రభువుల సభవారి కమిటీ యెదుట మరల సాక్ష్యమిచ్చెను. ఖైదీని సంపూర్ణముగా నేకాంతమున బంధించు పద్ధతి నీమె యామోదింపలేదు. ఫ్రాన్సు, జర్మనీ మున్నగు దేశముల చెఱసాలలను జూచెను. 1842 లో ప్రష్యారాజు న్యూగేటున కీమెతో గూడ వచ్చెను. 1845 అక్టోబరు 12 వ తేదీన రామ్స్‌గేటునందు స్వర్గస్థురాలయ్యెను.

ఈ చరిత్రము మనకేల యందురేని, వినుడు. మన దేశమున 1894 నాటి కారాగార చట్టము స్త్రీలను పురుషులతో గలుపక వేఱుగా నుంచవలయునని శాసించినది. తల్లులతో జెఱలో నున్న బిడ్డల విషయమై, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రతివాదిగా నుండిన వ్యాజ్యమున, 2006 లో సుప్రీంకోర్టువారు తీర్పు నిచ్చి, ఆఱేండ్ల వఱకు బిడ్డ తల్లియొద్ద నుండవచ్చుననియు, వారి యాహారమునకు, చదువునకు ఏర్పాట్లు చేయవలయుననియు నిర్దేశించిరి. శాసనములకు గొదువ లేదు. కాని నేడును మన చెఱసాలలలోని స్త్రీలలో నధికసంఖ్యాకులు శిక్షపడినవారు గారు, విచారణకై కాచికొని యున్నవారు. జామీను నిచ్చువారు లేక, తలుపు దట్టి పలుకరించువారు లేక యుండువారు పెక్కుమంది. పురుషుడు చెఱబడినచో భార్య సద్దిమూట గట్టుకొని పోవును. స్త్రీ చెఱబడినచో పుట్టినిల్లును మెట్టినిల్లును గూడ ఆమె పేరు మఱచును.

కులసంఘములు విద్యార్థులకు వేతనములు, వసతిగృహములు ఏర్పాటు చేయుట శ్లాఘ్యమే. అందుతోబాటు ప్రతి జిల్లాశాఖయు ఒక న్యాయవాదిని, ఇద్దఱు పెద్దముత్తైదువలను నియోగించి, అధికారుల యనుమతితో మాసమున కొకమాఱు సమీపమున నున్న స్త్రీల చెఱసాలకు బంపిన నెంత బాగుండును! అక్కడ నున్న యామె మన కులముదా, ఇతర కులముదా యని యడుగవలదని మా మనవి. న్యూగేటు ద్వారమున ఫ్రై దొరసాని యే స్త్రీనిగాని అట్టి ప్రశ్న యడిగి లోనికి బోలేదు.