జియా గోకల్ప్: రెండు విద్యల మధ్య ఒక జీవితం

టర్కీలో సామాజిక శాస్త్రానికి పునాది వేసిన పండితుడిగా, పత్రికా రచయితగా జియా గోకల్ప్ ప్రసిద్ధులు. ఆయన 1876లో ఉస్మానియా సామ్రాజ్యంలోని దియార్‌బకిర్ పట్టణంలో జన్మించారు. కొడుకు ధార్మిక విద్యతోపాటు ఐరోపా శాస్త్రాలు కూడా నేర్వాలని తండ్రి తౌఫీఖ్ అఫందీ కోరిక. కాని ఆయన త్వరగానే కన్నుమూశారు. జియా తన తండ్రి సోదరుని వద్ద అరబీ, ఫారసీ భాషలు నేర్చుకుని, ఇమామ్ గజాలీ, ఇబ్నె సీనా రచనలు చదివారు. మరోవైపు ఫ్రెంచి, ఆధునిక శాస్త్రాలు అభ్యసించారు.

రెండు విద్యలూ ఆ యువకుని మనసులో కలవలేదు, ఢీకొన్నాయి. సందేహాలు చుట్టుముట్టాయి. పైచదువులకు ఇస్తాంబుల్ వెళ్ళే దారీ మూసుకుపోయింది. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో ఆత్మహత్యకు పూనుకున్నారు. అల్లాహ్ దయవల్ల బ్రతికి బయటపడ్డారు.

తర్వాత ఇస్తాంబుల్‌లో పశువైద్య కళాశాలలో చేరారు. సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ పాలనను వ్యతిరేకించే రహస్య సంఘంలో పనిచేసి జైలు పాలయ్యారు. 1909లో సెలానిక్ చేరి, 'ఇత్తిహాద్ వ తరఖ్ఖీ' పార్టీ కేంద్ర సంఘ సభ్యులయ్యారు. ఫ్రెంచి పండితుడు దుర్ఖైమ్ సిద్ధాంతాలను చదివి, ఇస్తాంబుల్ దారుల్ ఫునూన్‌లో సామాజిక శాస్త్రం బోధించారు.

తుర్కు జాతీయత, ఇస్లాం, ఆధునికత మూడూ కలిసి నడవగలవని ఆయన వాదించారు. ఈ పేరుతోనే 1918లో ఆయన గ్రంథం వెలువడింది. అయితే ఆయన ఆలోచనలో జాతీయతదే పైచేయి అయింది. షరీఅత్ న్యాయస్థానాలను షేఖుల్ ఇస్లాం నుంచి తప్పించి న్యాయశాఖకు అప్పగించాలన్న ఆయన సూచన 1917లో అమలైంది. తుర్కీ భాషలో అజాన్ వినిపించే దేశాన్ని ఆయన ఒక కవితలో ఊహించారు. ఆయన మరణానంతరం, 1932లో ప్రభుత్వం ఆ పనే చేసింది. 1950లో గాని మినార్ల మీద అరబీ అజాన్ తిరిగి వినిపించలేదు.

ఆయన పార్టీ పాలనలోనే 1915లో లక్షలాది ఆర్మీనియన్లు దేశబహిష్కరణకు, హత్యలకు గురయ్యారు. విచారణలో గోకల్ప్ దానిని హత్యాకాండగా అంగీకరించలేదు. బ్రిటిష్‌వారు 1919లో ఆయనను మాల్టా ద్వీపానికి పంపారు. అక్కడ తోటి ఖైదీలకు పాఠాలు చెప్పారు, భార్యాబిడ్డలకు ఉత్తరాలు వ్రాశారు. 1921లో విడుదలై, మరుసటి ఏడు దియార్‌బకిర్‌లో 'కుచుక్ మెజ్మువా' (చిన్న పత్రిక) స్థాపించారు. 1923లో పార్లమెంటు సభ్యులయ్యారు. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దయింది. అదే ఏడు అక్టోబరులో ఆయన ఇస్తాంబుల్‌లో మరణించారు.

పిల్లలకు రెండు విద్యలూ చెప్పించడం మంచిదే. అంతటితో తల్లిదండ్రుల బాధ్యత తీరిపోదు. ఆ రెండూ ఢీకొన్న చోట పుట్టే ప్రశ్నలను మందలించక, ఓపికగా కూర్చుని వినాలి. గోకల్ప్ జీవితం మన ఇళ్ళకు చెప్పే పాఠం ఇదే.