ఫుట్‌బాల్‌కు ప్రాణం పోసిన బడిపంతులు రహీం సాబ్

కోరుట్ల: హైదరాబాద్ పేరుతో 2019లో ఒక వృత్తి ఫుట్‌బాల్ జట్టు ఏర్పడింది. పెట్టుబడిదారులు యజమానులుగా, విదేశీ శిక్షకుడి నేతృత్వంలో 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పును గెలుచుకుంది. ఆ తర్వాత జీతాల బకాయిలతో చతికిలపడి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆరేళ్లలోనే అంతా ముగిసింది. ఇదే నగరంలో 1950వ దశకంలో యజమాని అంటూ ఎవరూ లేని మరో జట్టు దేశాన్ని ఏలింది. కాగితాల మీద అది పోలీసు శాఖ జట్టు. ఆటగాళ్లు ఆ శాఖలోని ఉద్యోగులు. దానిని తన సొంత ఇంటిలా పెంచి పోషించిన వ్యక్తి మాత్రం పోలీసు కాదు, ధనవంతుడూ కాదు. ఆయన పాఠశాల ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు హైదరాబాద్ సంస్థానంలో భాగంగా ఉన్న కాలంలో, 1909 ఆగస్టు 17న రహీం హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. విద్యార్థి దశలోనే విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఆడారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన తర్వాత ఆటస్థలమే ఆయనకు తరగతి గది అయింది. భారత జట్టు శిక్షకుడిగా ఒలింపిక్స్‌కు వెళ్లివచ్చాక కూడా ఆయన వృత్తి ఉపాధ్యాయుడే.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. సంఘం అధ్యక్షుడు సయ్యద్ మహమ్మద్ హాదీ ఏడు ఆటల్లో ఆరితేరిన మేటి క్రీడాకారుడు. హాదీకి ఉన్న పేరు, రహీంకు ఉన్న ఓపిక ఒక్కచోట కలిసి ఫలించాయి. మరణించే వరకు రహీం ఆ కార్యదర్శి పదవిలోనే కొనసాగారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యతనూ స్వీకరించారు. ఆ ఏడాది మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుకే దక్కింది. 1950, 1954లలో డ్యురాండ్ కప్పు కూడా గెలిచారు. కలకత్తా జట్లే దేశానికి దిక్కు అనుకుంటున్న రోజులవి.

ఈ విజయాల వెనుక ఖరీదైన సౌకర్యాలేవీ లేవు. స్థానికంగా ఆయన నిర్వహించిన పోటీల తీరే వేరు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పరుగెత్తడం నిషిద్ధం, అందిన వెంటనే సహచరుడికి అందించాలి. మరో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. పొట్టివారి కోసం ఎత్తును బట్టి ప్రత్యేక పోటీలు పెట్టేవారు. బక్కపలచని కుర్రాళ్లు బలిష్ఠులైన ప్రత్యర్థులను ఢీకొట్టి గెలవలేరనీ, బంతిని వేగంగా అందించుకుంటేనే గట్టెక్కగలరనీ ఆయన గ్రహించారు. ఖాళీ మైదానం, నలుగురు పిల్లలు, ఒక బంతి ఉన్న ఏ పల్లెలోనైనా ఇప్పటికీ ఆచరించదగిన పద్ధతి ఇది. మన మండలాల వ్యాయామ ఉపాధ్యాయులు ఒకసారి పరిశీలించవచ్చు.

పేద పిల్లలను గుర్తించి పైకి తేవడంలో ఆయనకు సాటి లేరు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాంకు శిక్షణకు వచ్చేందుకు ప్రయాణ ఖర్చులు కూడా ఉండేవి కావు. అద్దె సైకిల్‌కు రహీం సాబే డబ్బులు ఇచ్చి రప్పించారని బలరాం పెద్దయ్యాక కూడా తలచుకునేవారు. ఆ కుర్రాడే తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైనా, పెరూపైనా గోల్ చేశాడు.

జాతీయ జట్టు శిక్షకుడిగా రహీం తొలి విజయం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో లభించింది. ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి భారత్ స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాదే హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం ఎదురైంది. మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా చలిలో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం కుంగిపోలేదు. ఐరోపా జట్ల వ్యూహాలను అధ్యయనం చేసి మన ఆటకు తగినట్లు మలచుకున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదీలు ఉన్నారు. అందరూ ఆయన చేతి మీదుగా ఎదిగినవారే.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా జట్టులో ఎంపికయ్యారు. ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించిన ఆ పర్యటనలో హకీంకు మైదానంలో దిగే అవకాశం రాలేదు. శిక్షకుడి కొడుకన్న బంధుత్వం అక్కడ పనిచేయలేదు. పదవి దొరికితే చుట్టరికాలు గుర్తుకొచ్చే క్రీడాసంఘాల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఆయన జీవితానికి శిఖరం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని భారత ప్రతినిధి జి.డి.సోంధి ప్రశ్నించడంతో అక్కడి జనం మనపై మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో ఆటలో రక్షణ శ్రేణికి ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ పరిస్థితిలో రహీం ఎవరూ ఊహించని నిర్ణయం తీసుకున్నారు. తలకు కట్టుతో ఉన్న రక్షకుడిని ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్లను పిలిచి, రేపు తనకు కానుకగా స్వర్ణం కావాలని కోరినట్లు ఆ జట్టువారు చెప్పేవారు. సెప్టెంబరు 4న సుమారు లక్షమంది ప్రేక్షకులు ఎగతాళి చేస్తుండగా అదే కొరియాతో తలపడ్డారు. పి.కె.బెనర్జీ ఒక గోల్, జర్నైల్ మరో గోల్ చేయగా 2-1తో కప్పు మనదైంది. గ్యాలరీలో భారత్‌ను ప్రోత్సహించిన కొద్దిమందిలో పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని చెబుతారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు అదే చివరి స్వర్ణం.

తిరిగి వచ్చాక ఆయన ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో. పోలీసు జట్టు ప్రాభవం కూడా క్రమంగా సన్నగిల్లింది.

రహీం జీవితం ఆధారంగా తీసిన మైదాన్ చిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. మన ప్రాంతంలో చాలామంది యువకులకు ఆయన పేరు తెలిసింది అప్పుడే. ఆ సినిమా చూసి ఉంటే పొంగిపోయే పి.కె.బెనర్జీ, నాటి కెప్టెన్ చునీ గోస్వామి 2020లోనూ, కుమారుడు హకీం 2021లోనూ, అద్దె సైకిల్‌పై వచ్చిన బలరాం 2023లోనూ కాలం చేశారు.